నేను చెప్పని పాతిక కొలతలు

దెయ్యాల అనుభవాలు రాసేవాళ్లందరూ మొదటి వాక్యంలోనే తమకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదని ఒట్టేస్తారు. మూడో పేరాకల్లా తెల్లచీర కట్టుకున్న ఆవిణ్ణి తెచ్చి దింపుతారు. ఆ రాతలంటే నాకు ఒళ్లు మంట. నమ్మకపోవడం ఏమంత గొప్ప సంగతి కాదు. చదువుకున్న మనిషికి అది పళ్లు తోముకోవడం లాంటిది, రోజూ చేసేదాన్ని చెప్పుకోవడం ఏమిటి? ఇప్పుడు నేనే ఇలాంటిది రాయడానికి కూర్చున్నాను కాబట్టి నా మీద నాకు కూడా పెద్ద గౌరవం లేదని ముందే చెప్పేస్తున్నాను.

నేను నరసాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా డిపార్టుమెంటులో దసరాకి మైక్రోస్కోపులన్నిటికీ పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, హారతి ఇస్తారు. మర్నాడు లెన్సుల మీద పడ్డ కుంకం దూదితో తుడుచుకునేది నేను. జీవపరిణామం పాఠం చెప్పి వచ్చి, రాహుకాలం పోయేదాకా ఆగి సెలవు చీటీ రాసే మహానుభావులున్నారు మా స్టాఫ్ రూములో. వాళ్లతో నేనెప్పుడూ వాదించలేదు. వాదించాలంటే అవతల కూడా ఏదో ఒకటి ఉండాలి.

నా పరిశోధన సముద్రపు స్పాంజీల మీద. ఈ మాట చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, "గిన్నెలు తోముకునేదా అండీ?" అని. మా ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు అడిగారు, రెండోసారి నవ్వుతూ. కాదు. స్పాంజి ఒక జంతువు. సముద్రం అడుగున కదలకుండా బతుకుతుంది. చాలా రకాలకి ఒంట్లో ఎముకల బదులు గాజు సూదులు ఉంటాయి, కంటికి ఆననంత సన్నవి. ఏది ఏ జాతో తేల్చేది ఆ సూదుల ఆకారం, వాటి పొడుగు. పైరంగు చూసి జాతి చెప్పేవాడు గడ్డం చూసి జాతకం చెప్పేవాడితో సమానం.

కాకినాడ నుంచి లోతు నీళ్లలో రొయ్యలకి వెళ్లే బోట్లు ఉన్నాయి. అందులో ఒకదాన్ని నడిపే సరంగు అప్పారావు నాకు చాలాకాలంగా తెలుసు. అడుగున లాగే వలలో రొయ్యలతో పాటు వచ్చే చెత్తనంతా వాళ్లు తిరిగి నీళ్లలో పారేస్తారు. నాకు కావలసింది ఆ చెత్తే. అప్పారావుకి స్పిరిట్ పోసిన డబ్బాలు ఇచ్చి, ముద్దలా, కొమ్మలా ఏది కనిపించినా అందులో వెయ్యమని చెప్పాను. ఆయన పదిసార్లు తెచ్చినదాంట్లో తొమ్మిదిసార్లు తాడు ముక్కలే ఉంటాయి.

మొన్నటి వేసవికి ముందు, మార్చిలో, రెండు ముక్కలు తెచ్చాడు. రెండూ ఒకే వలలో పడ్డాయట, రెండొందల బారల లోతులో. వేలెడంత పొడుగు, బూడిదరంగు, పక్కలకి పీచులాంటి కొమ్మలు. రెండింటికీ మొదలు తెగిపోయింది. సూదులతో పాటు చిన్న చిన్న కొక్కేలు కూడా ఉన్న రకం అది. నీళ్లు వడకట్టుకుని తినే మామూలు స్పాంజీ కాదు, ఆ కొక్కేలతో సన్న పురుగుల్ని పట్టి తింటుంది. నెల రోజులు పుస్తకాలన్నీ తిరగేశాను. ఎక్కడా ఎవరూ వర్ణించని జాతి. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో అలాంటిది చేతికి రావడం అదే మొదలు.

కొత్త జాతిని వర్ణించడం అంటే కవిత్వం కాదు. చిన్న ముక్క కోసి ఆసిడ్‌లో మరిగిస్తే కండ పోయి గాజు సూదులు మిగులుతాయి. వాటిని కడిగి, స్లైడు మీద ఆరబెట్టి, మైక్రోస్కోపులో ఒక్కొక్కటే కొలవాలి. ఒక్కో రకానికి పాతిక. కన్ను తియ్యకుండా నేను అంకె చెబుతుంటే పక్కన ఒకరు రాయాలి. విరిగినది తగిలితే "విరిగింది" అంటాను, ఆ మాట రాసి దాన్ని లెక్కలోంచి వదిలెయ్యాలి. అంతే. బుద్ధి ఉన్నవాళ్లకి విసుగు పుట్టే పని, బుద్ధి లేనివాళ్లకి అప్పగిస్తే తగలబడిపోయే పని.

రాసేది నాగమణి. మా ల్యాబ్ అటెండరు, పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. భర్త లేడు. మంచం పట్టిన అత్తగారినీ ఇంటర్ చదివే కూతుర్నీ ఆ ఉద్యోగంతోనే నెట్టుకొస్తోంది. అంతకుముందు ఈ ఊరి ఆడవాళ్లు చాలామందిలాగే లేసు అల్లేది. వందల కుట్లు నోట్లోనే లెక్కపెట్టుకుని అలవాటున్న చెయ్యి కాబట్టి అంకె తప్పదు. పైగా అక్కడ ఏం జరుగుతోందో ఆమెకి ఒక్క ముక్క తెలియదు. తెలిసినవాళ్లయితే అంకెల్ని సవరిస్తారు. నేను ఆమెని ఎంచుకున్నది ఆ తెలియనితనం కోసమే. ఆమె ముందే ఈ మాట నలుగురితో అన్నాను కూడా.

సవరించడం అంటే ఏమిటో మా వృత్తిలో లేనివాళ్లకి చెప్పాలి. మన కాలేజీల్లో ప్రాక్టికల్ రికార్డు అనే పుస్తకం ఒకటి ఉంటుంది. పిల్లలు జవాబు ముందు రాసుకుంటారు. దానికి సరిపోయే రీడింగులు తరవాత తీరిగ్గా నింపుకుంటారు. దిద్దేవాళ్లూ అలాగే నింపి పాసైనవాళ్లు కాబట్టి ఎర్ర టిక్కు పెట్టి సంతకం చేస్తారు. తరాల తరబడి ఇదే సైన్సు. ఆ రికార్డులు చూసీ చూసీ నాకు ఎవరు రాసిన అంకె చూసినా మొదట అనుమానమే వస్తుంది.

ఏప్రిల్లో నన్ను పరీక్ష పేపర్ల వాల్యుయేషన్‌కి రాజమండ్రి వేశారు. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడే ఉన్నాను. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రిజిస్టరులో సంతకం పెట్టాను. గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పెరుగు పులిసిందని నేను చేసిన గొడవ అక్కడున్న పాతికమందికీ గుర్తుంటుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

తిరిగి వచ్చాక కొలతల నోటుపుస్తకం తెరిచాను. "ఒకటోది", "రెండోది" అని మేం పూర్తి చేసిన పేజీలు ఉన్నాయి. వాటి తరవాత నేనెరగని పేజీ ఒకటి ఉంది. పైన నాగమణి రాతలో "మూడోది, మొదలు దగ్గర కొక్కేలు, గురువారం" అని ఉంది. కింద పాతిక కొలతలు. పదహారో కొలత తరవాత "విరిగింది" అని ఒక మాట.

మూడోది అనేది లేదు. ఉన్నవి రెండే ముక్కలు, రెండింటికీ మొదలు లేదు. పైగా ఆ రెండింట్లో కొక్కేలు ఇరవై మైక్రాన్లు దాటవు. ఈ పేజీలో 61, 58, 63 అని అన్నీ దానికి మూడింతలు. అబద్ధం రాసినా కాస్త పోలికగా రాయాలన్న ఇంగితం కూడా లేదే అనుకున్నాను. పని త్వరగా తెమిలిపోవాలని, లేకపోతే నా మెప్పు కోసం, కూర్చుని నింపేసిందని తేల్చుకున్నాను. అలా తేల్చుకోవడానికి నాకు పట్టింది అర నిమిషం.

ఆమెని స్టాఫ్ రూముకి పిలిపించాను. ల్యాబ్‌లో ఒంటరిగా అడగవచ్చు. అడగలేదు. అందరూ వినాలని పిలిపించాను.

"ఎవరు చెబితే రాశావు ఇవి?" అన్నాను.

"మీరే కదండీ చెప్పారు. గురువారం మజ్జాన్నం రెండున్నరకి వచ్చారండి. స్కోపు ముందు కూర్చుని, రాసుకో అన్నారు."

"స్లైడు ఏది మరి?"

"మీరే తీసి లోపల పెట్టుకున్నారు కదండీ."

గురువారం నేను రాజమండ్రిలో ఉన్నానని గదిలో అందరికీ తెలుసు. ఎవరో కిసుక్కుమన్నారు. నాగమణి బెదరలేదు. గుర్తు చేస్తే నాకు జ్ఞాపకం వస్తుందనుకుందో ఏమో, ఇంకా చెప్పింది. "మీ ఎడం చేతికి కట్టు ఉందండి. ఏమైందండీ అంటే మీరు పలకలేదు. ఆ రోజు మీరు నన్ను విసుక్కోలేదు కూడానండి."

నేను రెండు చేతులూ చాపి అందరికీ అటూ ఇటూ తిప్పి చూపించాను. "ఏదీ కట్టు? ఎవరికైనా కనిపిస్తోందా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ విసుక్కోకపోవడం గురించి ఇంకొంచెం ఎక్కువ నవ్వారు. నాగమణి మాత్రం నా ఎడం మణికట్టు వంకే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు నటనలా కనిపించింది.

వాచ్‌మన్‌ని కూడా అడిగాను, నేను గురువారం వచ్చానా అని. "వచ్చే ఉంటారండి," అన్నాడు. ఆ మనిషి ప్రిన్సిపాల్ ఏనుగెక్కి వచ్చారా అన్నా అదే చెబుతాడు.

ఆ సాయంత్రమే ఫిర్యాదు రాశాను. పరిశోధన రికార్డుల్లో దొంగ కొలతలు రాసిందని, ఇలాంటి మనిషి ల్యాబ్‌లో ఉండకూడదని. ఆ పేజీ జిరాక్సు జతచేశాను. ఆఫీసులో రెండింటి మీదా తేదీతో ముద్ర వేసుకున్నారు. కాంట్రాక్టు మనిషిని తీసెయ్యడానికి ఇంకేం కావాలి? వారం తిరక్కుండా నాగమణి వెళ్లిపోయింది. వెళ్లేముందు ల్యాబ్ తాళాలు నా బల్ల మీద పెట్టి, "నేను నింపలేదండి," అని ఒక్కమాట అంది. నేను తలెత్తలేదు.

ఆ తరవాత వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు బోట్లు కదలవు. జూన్‌లో మళ్లీ వెళ్లాక కూడా అప్పారావు తాడు ముక్కలే తెచ్చాడు. మొదలు లేకుండా వర్ణన పూర్తి కాదు. ఈలోగా ఇంకెవరైనా ఇదే జాతిని ముందు వర్ణించేస్తారేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. నాగమణి సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆగస్టులో మూడోది దొరికింది. నిండు ముక్క, మొదలుతో సహా, అడుగున ఏదో గులకరాయిని పట్టుకుని ఉంది. అప్పారావు స్వయంగా బస్సులో తెచ్చి ఇచ్చాడు. ఆ వారంలోనే నేను బాత్రూములో జారి పడ్డాను. చెయ్యి బెణికి డాక్టరు కట్టు కట్టాడు. నొప్పి మందులు మింగి మరీ పని మొదలుపెట్టాను.

రాయడానికి వాసవి అనే లెక్చరర్ కూర్చుంది. జులైలో చేరిన అమ్మాయి, నాగమణిని ఎరగదు, ఆ నోటుపుస్తకం చూడలేదు. అది బీరువాలో ఉంది, తాళం నా దగ్గర ఉంది. వాసవి విడి కాగితం మీద రాసింది. అది గురువారం కాదు, మంగళవారం. గురువారమైతే కథకి బాగుండేది. మధ్యాహ్నం, బయట వాన, గదిలో నాలుగు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి.

మొదలు దగ్గరి ముక్కలో కొక్కేలు పెద్దవి. చూడగానే సంబరపడ్డాను. ఒకే స్పాంజిలో రెండు సైజుల కొక్కేలు, ఈ జాతికి తిరుగులేని గుర్తు అదే. ఒక్కొక్కటే కొలుస్తూ చెప్పుకుపోయాను. పదహారు చెప్పాక తగిలినదానికి కొస లేదు. "విరిగింది," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక అక్కడ ఆగిపోయాను. ఎందుకు ఆగానో వెంటనే తెలియలేదు. వాసవి, "మేడంగారూ, తరవాతది?" అంది. మిగతా తొమ్మిదీ చెప్పేశాను. ఆ అమ్మాయిని టీకి పంపి, బీరువా తీసి, కట్టున్న ఎడంచేత్తోనే పాత నోటుపుస్తకం పేజీలు తిప్పాను. ఆ చెయ్యి ఆ పేజీ మీద ఆనించి ఉండటం నా కళ్లతో నేను చూశాను. వాసవి రాసిన కాగితాన్ని ఆ పేజీ పక్కన పెట్టాను.

పాతికకి పాతిక అవే. అదే వరస. విరిగినది కూడా అక్కడే.

మొదట పట్టుకున్న వివరణ జ్ఞాపకం. ఏప్రిల్లో ఆ పేజీ చూశాను, అంకెలు మనసులో ఎక్కడో ఉండిపోయి, వాటికి సరిపోయే కొక్కేల్నే కన్ను వెతుక్కుని ఉంటుంది. నాలాంటిదానికి ఇది చాలినంత గౌరవమైన వివరణ. కానీ స్పాంజి ఏ సైజు కొక్కేలు పెంచుకోవాలో నా జ్ఞాపకం నిర్ణయించలేదు కదా. మిగతా రెండు ముక్కల్లో లేని సైజు అది. ఆ మూడోది నాగమణి రాసేనాటికి రెండొందల బారల కింద ఉంది.

స్లైడుని మద్రాసులో ఇదే పని చేసే ఒకాయనకి ఏమీ చెప్పకుండా పంపాను. ఆయన కొలతలూ ఆ సైజుల్లోనే వచ్చాయి, విరిగినది కూడా కనిపించింది. నోటుపుస్తకంలో పేజీ తరవాత ఎవరైనా రాశారేమోనని ఆఫీసుకి వెళ్లి నా ఫిర్యాదు ఫైలు తీయించాను. జిరాక్సు అలాగే ఉంది, ఏప్రిల్ ముద్రతో. నాగమణి తప్పు చేసిందని రుజువు చెయ్యడానికి నేను పెట్టిన కాగితమే ఆమె పక్షాన మిగిలిన సాక్ష్యం.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, ఫిర్యాదు పొరపాటని, ఆమెని తిరిగి తీసుకోవాలని అడిగాను.

"ఏమని రాయమంటారండీ? మీ ఆత్మ ముందే వచ్చి చెప్పిందనా?" అన్నారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. గొంతు తగ్గించి, ఇలాంటివి ఉంటాయండి, మీరే పట్టించుకోరు అన్నారు. మండపేటలో తాయెత్తు కట్టే ఒకాయన ఫోను నంబరు కూడా ఇచ్చారు. ఆ ఖాళీలో అప్పటికే ఎవరి మనిషినో వేసుకున్నారు, ఇక చేసేదేమీ లేదన్నారు. నేను రాసిచ్చిన ఉత్తరం మాత్రం ఫైల్లో పెట్టుకున్నారు.

స్టాఫ్ రూములో సంగతి పొక్కింది. అక్కడ ఒక్కరికీ రవ్వంత అనుమానం రాలేదు. టీ చల్లారేలోపు అందరూ నమ్మేశారు. ఒకావిడ నా కుర్చీలో కూర్చోవడం మానేసింది. ఏప్రిల్లో పకపకా నవ్వినవాళ్లే ఇప్పుడు కళ్లు పెద్దవి చేసుకుని మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. అంతమందిలో ఒక్కరు కూడా, అయితే నాగమణి నిజమే చెప్పిందన్నమాట అనలేదు. దెయ్యాన్ని నమ్మడానికి వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. అటెండర్ని నమ్మడానికే మనసొప్పలేదు. వాళ్లని చూస్తే అసహ్యం వేసింది. వాళ్లకంటే నేనెందులో ఎక్కువో వెతుక్కున్నాను, ఏమీ దొరకలేదు.

ఆ గురువారం మా ల్యాబ్‌లో కూర్చున్నది ఎవరో నాకు తెలియదు. నేనే అనుకుందామంటే, పదకొండేళ్లలో నాగమణిని విసుక్కోకుండా పాతిక అంకెలు చెప్పిన రోజు నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. వర్ణన అచ్చయింది. అందులో ఆగస్టు కొలతలే ఉన్నాయి. ఏప్రిల్ పేజీ గురించి ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. దాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకున్నా, ఇలా జరిగి ఉంటుంది అని ఒక్క వాక్యం చెప్పలేకపోతున్నాను.

దసరా సెలవుల్లో నాగమణి ఇంటికి వెళ్లాను. రేవుకి వెళ్లే దారిలో సందు చివర రెండు గదుల ఇల్లు. అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. కళ్లజోడు కొత్తది. నన్ను చూసి లేచి కుర్చీ తెచ్చి వేసింది. కూతురు ఇంట్లో లేదా అంటే, చదువు మానిపించానండి, భీమవరంలో రొయ్యల కంపెనీకి పనికి వెళుతోంది అంది.

జరిగిందంతా చెప్పాను. నోటుపుస్తకం, వాసవి రాసిన కాగితం పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె రెండూ చూసింది. ఆశ్చర్యపోలేదు. కొత్తగా తెలిసిందేమీ లేనట్టు తిరిగి ఇచ్చేసింది.

ఉద్యోగం ఇప్పించలేకపోయానని చెప్పి, ఇంకేం చెయ్యాలో తోచక, ఇలాంటి జాతి ఇంకోటి దొరికితే దానికి నీ పేరు పెడతానన్నాను. అన్నాక, నా గొంతు నాకే చవగ్గా వినిపించింది.

"సముద్రంలో పురుక్కి నా పేరెందుకండీ," అంది. కోపం లేదు. చేతిలో లేసు ఆపలేదు. "ఒకటి అడగనాండీ?" అంది.

అడగమన్నాను.

"ఆ మూడో ముక్క వలలో పడకపోయుంటే, నేను ఇప్పటికీ మీకు దొంగ రాతల మనిషినే కదండీ?"

ఏదైనా చెప్పవచ్చు. ఎప్పటికైనా నిజం తెలిసేదనో, నాకు లోపల అనుమానం ఉండేదనో. లేదు. అప్పారావు వల అటు కాక ఇటు పడి ఉంటే ఆమె పేరు కూడా ఈపాటికి మర్చిపోయేదాన్ని.

"అవును," అన్నాను.

నాగమణి తల ఊపింది. నాతో మాట్లాడుతూ కుట్ల లెక్క తప్పినట్టుంది. ఆ వరసంతా విప్పేసి, పెదాలు కదుపుతూ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఇంకా కూర్చునే ఉన్నానన్న సంగతి ఆమెకి పట్టలేదు.